పెరుగు తోడుకునే చోటు

ఆ చలికాలం మా ఇంట్లో పెరుగు తోడుకునే చోటు ఒక్కటే ఉండేది. వంటింటికీ బాత్రూమ్‌కీ మధ్య, వేడినీళ్ల ట్యాంకు పెట్టిన చిన్న గూడులాంటి అలమర. తువ్వాళ్లు, దుప్పట్లు, ఇడ్లీ పిండి, పెరుగు గిన్నె అన్నీ అందులోనే. మిగతా ఇంట్లో పాలు ఎక్కడ తోడు పెట్టినా తెల్లారేసరికి పాలలాగే ఉండేవి.

ఆ సంగతి కనిపెట్టింది మా అత్తగారు కామేశ్వరమ్మ గారు. అదీ వచ్చిన మూడో రోజే. నేనూ హర్షా అప్పటికి రెండేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాం, షాపులో పెరుగు డబ్బా కొనుక్కుని తింటున్నాం. పైగా నేను వేడి గురించి చదువుకున్న ఇంజనీర్ని. ఇళ్లలో వేడి ఎలా పుడుతుంది, ఎటు పారిపోతుంది అని లెక్కలు కట్టడమే నా ఉద్యోగం. నాకు దొరకని వెచ్చటి చోటు ఆవిడకి మూడు రోజుల్లో దొరికింది.

ఇది 2014లో మాట. మేముండేది క్రైస్ట్‌చర్చ్‌కి ఉత్తరాన, నది దాటాక వచ్చే హేజెల్‌ఫోర్డ్‌లో. మూడేళ్ల కిందటి భూకంపంలో సిటీలో ఇళ్లు పోయినవాళ్లూ, ఆ సిటీని మళ్లీ కట్టడానికి వచ్చినవాళ్లూ అందరూ ఒకేసారి వచ్చి ఆ చిన్న ఊరిమీద పడ్డారు. మా ఆయన హర్షవర్ధన్ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. పొద్దున్నే చీకటితో వెళ్లి సిటీలో కొత్త గోడలు కట్టించి, సాయంత్రం ఐదున్నరకి మా అద్దె ఇంటికి వచ్చేవాడు. ఆ ఇంటి గోడల్లో మాత్రం రెండు పలకల మధ్య గాలి తప్ప ఏమీ లేదు. ఊళ్లో పొగ ఎక్కువైపోతోందని కౌన్సిల్ వాళ్లు పాత కట్టెల పొయ్యిలు తీసేయమంటే మా ఓనరు చక్కగా తీసేశాడు. దాని బదులు ఇంకోటి పెట్టాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. మేం కొనుక్కున్న చక్రాల హీటరు ఒక్కటే మాకు దిక్కు.

అలాంటి ఇంటికి మే నెలాఖర్లో, ఇక్కడ చలికాలం మొదలయ్యే వేళకి, అత్తయ్యని తీసుకొచ్చాం. మామయ్య పోయి ఏడాదైంది. ఆవిడకి ఛాతీ బలహీనం, చలి తగలనివ్వకండి అని కాకినాడ డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని హర్ష ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఆరు నెలల వీసా. అయితే హర్ష మనసులో ఇంకో లెక్క ఉంది.

"నీ ప్రాజెక్ట్ ఓకే అయితే వచ్చే చలికాలానికి మన వీధిలో పైపులొచ్చేస్తాయిగా. అప్పుడు అమ్మని ఇక్కడే ఉంచేసుకుందాం సుభద్రా. అప్లికేషన్ పెట్టేద్దాం. ఈ ఇంట్లో ఇలా అయితే ఉంచలేం" అన్నాడు.

నా ప్రాజెక్ట్ అన్నది ఇదీ. మా ఊళ్లో ఒక స్విమ్మింగ్ పూల్, బొగ్గు బాయిలరుతో నడిచే ఒక స్కూలు, వాటి చుట్టూ రెండొందల పది పాత ఇళ్లు ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి ఒకేచోట నీళ్లు వేడిచేసి, భూమిలో పైపుల ద్వారా ఇంటింటికీ పంపితే ఎలా ఉంటుంది అని కౌన్సిల్‌కి ఆలోచన వచ్చింది. బొగ్గూ గ్యాసూ లేకుండా అది కుదురుతుందా, కుదిరితే దేంతో అని తేల్చిచెప్పే పని మా కంపెనీకి ఇచ్చారు. ఆరుగురం పనిచేసే చిన్న కంపెనీ. మా బాస్ గ్రేమ్ అది నా చేతిలో పెట్టాడు. మూడు దారులున్నాయి: ఎండ, పైన్ అడవుల్లో నరికాక మిగిలిన కొమ్మల ముక్కలు, భూమి లోపలి నీళ్లు.

ఒక సాయంత్రం హాల్లో హీటరు పక్కన కూర్చుని అత్తయ్యకి ఇదంతా చెప్పాను. ఎండ సంగతి వినగానే కిటికీలోంచి బయటికి చూసి నవ్వారు. భూమిలో నీళ్లు ఏడాది పొడుగునా పన్నెండు డిగ్రీలుంటాయి, వాటిలో ఉన్న వేడిని పిండుకోవచ్చు అన్నాను.

"చలికాలం బావినీళ్లు వెచ్చగా ఉండవూ? పొద్దున్నే తోడుతుంటే ఆవిర్లొచ్చేవి. అదేగా?" అన్నారు.

అదే. కౌన్సిల్‌లో ముగ్గురికి ఆ ముక్క అర్థమయ్యేలా చెప్పడానికి నాకు అరగంట పట్టింది.

ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు పెద్దాపురం చుట్టుపక్కల ఎలిమెంటరీ స్కూళ్లలో టీచరుగా చేశారు. నేను ఏం చెప్పినా వాళ్ల స్కూలు దగ్గరికి వచ్చి ఆగేది. ఆ రోజు ఇన్‌స్పెక్షన్ల గురించి చెప్పారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ముందురోజే గోడలకి సున్నం, గుమ్మానికి తోరణం, బాగా చదివే పిల్లలు ముందు బెంచీలో.

"మరి చదవనివాళ్లు?"

"వాళ్లని ఆ పూట జామతోటకి పంపేసేదాన్ని. తప్పేముందే? వచ్చినాయన మంచి రాసిపోతే స్కూలుకి మంచిది. మా బడికి ఎప్పుడూ బ్యాడ్ రిమార్కు రాలేదు తెలుసా!"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ కథని నేను నవ్వుకోవడానికే విన్నాను.

జూన్‌లో ఇళ్లలో పెట్టెలు పెట్టడం మొదలైంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే తెల్ల పెట్టె. ముందు చిన్న అద్దంలో డిగ్రీలు కనిపిస్తాయి. లోపల పావుగంటకోసారి తనకి తానే రాసుకుంటుంది. ఆరు వారాలు ఇంట్లో ఉంచితే ఆ ఇల్లు ఎంత చల్లగా ఉందో, ఎంత వేడి కావాలో తేలుతుంది. నలభై ఇళ్లు కావాలన్నారు. మొదటి పెట్టె మా హాల్లో షెల్ఫ్ మీదే పెట్టాను. తెల్లవాళ్లు సగంమంది తలుపు సందులోంచే థ్యాంక్యూ చెప్పి పంపేశారు. నేను మనవాళ్ల మీద పడ్డాను. మా వీధుల్లో పదహారు తెలుగిళ్లున్నాయి. నర్సింగ్ పనులకొచ్చినవాళ్లు, చదువుకోడానికొచ్చి ఉండిపోయినవాళ్లు. మనవాళ్లయితే కాదనరని నా ధీమా.

ఒక శనివారం అత్తయ్యని కూడా కార్లో వేసుకుని తిరిగాను. పెద్దావిడ పక్కనుంటే ఎవరైనా లోపలికి రమ్మంటారు. స్టూడెంట్ల ఫ్లాట్‌లో రోహన్ అనే కుర్రాడు మా కోసం మంచంమీది దుప్పటి తీసి సోఫా మీద పరిచాడు. తర్వాత రెబెక్కా ఇంటికి వెళ్లాం.

రెబెక్కాది గుంటూరు పక్క. ఇక్కడ ముసలివాళ్లని చూసుకునే రెస్ట్ హోమ్‌లో పనిచేస్తుంది. ఆమె భర్త యెహెజ్కేలు మాంసం ఫ్యాక్టరీలో. ఇద్దరు పిల్లలు. హాలు దాటి వెనక గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"ఏమనుకోకండి ఆంటీ. ఈ ఒక్క గదే హీట్ చేసుకుంటాం. నలుగురం ఇందులోనే పడుకుంటాం" అంది.

మంచం పక్క గోడకి కిందినుంచి నల్లగా బూజు పాకింది. నేను చూడటం చూసి, "వారానికోసారి బ్లీచ్ పెట్టి తుడుస్తానక్కా. మళ్లీ వస్తది. మా పిల్లోడు ఈతన్‌గాడు రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు. మా రెస్ట్ హోమ్‌లో ముసలోళ్ల గదులు ఎంత వెచ్చగా ఉంటయ్యనుకున్నారు! డ్యూటీ అయిపోయినాక కూడా ఓ పది నిమిషాలు ఊరికే కూచుని వస్తా" అని నవ్వింది. మళ్లీ తనే అడిగింది. "అక్కా, ఆ పైపులు నిజంగా వస్తయ్యా?"

"వస్తాయి. నువ్వు ఈ పెట్టెని హాల్లో ఉంచు, చాలు" అన్నాను. నా చేత్తోనే హాల్లో టీవీ పక్కన పెట్టాను. కదపకూడదని ఇంగ్లీషులో రాసున్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. ఎందుకు కదపకూడదో చెప్పలేదు. ఇంకా మూడు పెట్టెలు మిగిలున్నాయి, అవతల వాన మొదలైంది.

కారు వెనక్కి తీస్తున్నాను. అద్దంలో చూసుకుంటున్నాను. అత్తయ్య బెల్టు పెట్టుకుంటూ అడిగారు.

"ఆ పెట్టెలో నంబరు ఎంతుంటే మంచిదే?"

"పద్దెనిమిది దాటితే మంచిదత్తయ్యా" అన్నాను.

అంతే. ఆ మాటకి అంతకంటే ముందూ లేదు, వెనకా లేదు. ఆరోగ్యానికి ఇంట్లో పద్దెనిమిది డిగ్రీలుండాలని పుస్తకాల్లో ఉంటుంది, అది చెప్పాను. తక్కువ వచ్చినా ఫరవాలేదు, నిజం వస్తే చాలు, అసలు తక్కువ వస్తేనే పైపులొస్తాయి అని చెప్పడానికి నాకు ఇంకో నిమిషం పట్టేది.

జూలైలో మంచు ఖండం వైపునుంచి వచ్చే దక్షిణపు గాలి మొదలైంది. పొద్దున కారు అద్దం మీద మంచు గీకి బయల్దేరేదాన్ని. అత్తయ్య దగ్గు కూడా అప్పుడే మొదలైంది. సాయంత్రం వచ్చేసరికి మాత్రం హాలు వెచ్చగా ఉండేది, వేడివేడిగా ఉప్మానో పకోడీలో ఉండేవి.

"పగలంతా హీటరు వేసుకుంటున్నావా అమ్మా?" అని హర్ష రోజూ అడిగేవాడు.

"ఆఁ, వేసుకుంటున్నాన్రా. నాకేం చలి? పనిచేసుకునేదాన్ని" అనేవారు.

మొదటి వారంలో ఒకసారి, ఒక్క మనిషి కోసం ఇల్లంతా వేడిచేయడమేమిటి దండగ అని అన్నారు. హర్ష గట్టిగా కోప్పడ్డాడు. మళ్లీ ఆ మాట అనలేదు. అనలేదు కాబట్టి ఆ ఆలోచన మానేశారనుకున్నాం.

పగలు ఆవిడకి తోచేది కాదు. మా అలమరలో తోడుకున్న పెరుగు చిన్నచిన్న డబ్బాల్లో పోసుకుని, శాలువా కప్పుకుని, వీధుల్లో మన ఇళ్లన్నిటికీ తోడు పంచి వచ్చేవారు. ఇంటి పెరుగు తిని ఎన్నేళ్లయిందో ఆంటీ అని ఒకరు, మాకు తోడుకోవట్లేదు ఎలా పెట్టాలి ఆంటీ అని ఒకరు. వారం తిరిగేసరికి పదహారు ఇళ్లలోనూ ఆవిడ పెరుగే. నాకు ఫోన్ చేసి మరీ పొగిడేవాళ్లు. మా అత్తగారికి కాలక్షేపం దొరికిందని సంబరపడ్డాను.

జూలై నెలాఖర్న పెట్టెల్లోని లెక్కలు కంప్యూటర్లోకి తీసుకునే పని మా ఆఫీసు కుర్రాడికి అప్పగించాను. అతను ఇళ్లకి ముందే ఫోన్ చేసి వెళ్లాడు. సంఖ్యలు చూసి గ్రేమ్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తెల్లవాళ్ల ఇళ్లు పధ్నాలుగు, పదిహేను డిగ్రీల దగ్గరున్నాయి. మనవాళ్ల ఇళ్లు సగటున ఇరవై రెండు.

"మీవాళ్లు ఇళ్లు బాగా వెచ్చగా ఉంచుకుంటారే" అన్నాడు.

నాకూ ఆశ్చర్యమే. రెబెక్కా ఇల్లు ఇరవై మూడు! వెంటనే ఫోన్ చేశాను.

"రెబెక్కా, ఇల్లు వెచ్చగానే ఉంటోందా?"

"ఆఁ ఆఁ, బాగుంటోందక్కా. ఎంతొచ్చింది?"

"ఇరవై మూడు."

"హమ్మయ్య!" అంది. ఆ హమ్మయ్యకి అర్థం నేను అడగలేదు.

మా ఇంటి పెట్టె రాసుకున్న డిగ్రీల గీత కూడా చూశాను. పనిరోజుల్లో రోజంతా ఇరవై నాలుగు, సాయంత్రం ఐదు నుంచి పది దాకా మాత్రం పదిహేడుకి దిగుతోంది. మేం వచ్చేటప్పుడు తలుపులు తీసి మూయడం వల్ల కాబోలు అనుకున్నాను. ఇంత చదువూ చదివి, ఐదు గంటలపాటు తలుపు ఎవరు తెరిచి ఉంచుతారని ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది. అత్తయ్య పగలు హీటరు వేసుకుంటున్నారన్నమాట. రిపోర్టు ఇవ్వడానికి పది రోజులుంది. ఉన్న సంఖ్యలతోనే ఇచ్చేశాను.

ఆగస్టు రెండో మంగళవారం పొద్దున కౌన్సిల్ మీటింగు. భూమిలో ఒక మీటరు పైపు వేస్తే ఆ మీటరు మీద ఏడాదికి ఎంత వేడి అమ్ముడుపోతుందన్నదే ఇలాంటి పనుల్లో అసలు లెక్క. మా వీధుల దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె చాల్లేదు. అప్పటికే వెచ్చగా ఉన్న ఇళ్లకి పైపులెందుకని ఒకాయన అడిగాడు. అడగడంలో తప్పేమీ లేదు. నా రిపోర్టు పదకొండో పేజీ చూపించే అడిగాడు. పూల్‌కీ స్కూలుకీ మాత్రం కొమ్మల ముక్కలతో నడిచే బాయిలరు పెడదాం, ఇళ్ల సంగతి వదిలేద్దామని ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. టీ ఇచ్చారు. ఆ టీ తాగుతుంటే ఫోన్ మోగింది. రెబెక్కా.

"అక్కా, ఆంటీకి బాలేదు. అంబులెన్స్ పిలిచాను. మీరు సీదా హాస్పిటల్‌కి వచ్చెయ్యండి."

రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పడుకునేముందు పెరుగు డబ్బా తిరిగి ఇద్దామని మా ఇంటికి వెళ్లిందట. అత్తయ్య హాల్లో కుర్చీలో రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకుని వణుకుతున్నారట. పెదాలు నీలం తిరిగిపోయాయట. రోజూ ముసలివాళ్లని చూసే మనిషి కాబట్టి వెంటనే కనిపెట్టింది.

రెండువైపులా న్యుమోనియా అన్నారు డాక్టర్లు. హర్ష సైట్ బూట్లతోనే వచ్చి వార్డు బయట నిలబడ్డాడు. ఆ బూట్లకి అంటిన సిమెంటు నేల మీద రాలుతుంటే వంగి చేత్తో ఎత్తుతున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కళ్లజోడూ బట్టలూ తేవడానికి ఒక్కదాన్నే ఇంటికి వెళ్లాను. పనిరోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో నేను ఎప్పుడూ లేను. తలుపు తీసి నిలబడితే నా ఊపిరి పొగలా కనిపించింది. హాల్లో హీటరు మూలకి నెట్టి ఉంది. దాని వైరు చుట్టలు చుట్టి, ముడి పడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. షెల్ఫ్ మీద పెట్టె లేదు.

తువ్వాలు కోసం ట్యాంకు అలమర తెరిచాను.

పెరుగు గిన్నె పక్కన తెల్ల పెట్టె ఉంది. దానికింద పాత చీరముక్క నాలుగు మడతలు వేసి పరిచారు. అద్దంలో ఇరవై నాలుగు అని ఉంది.

 తువ్వాలు తీసుకున్నాను. పెట్టెని ముట్టుకోలేదు. అలమర తలుపు మెల్లిగా మూసేశాను.

దార్లో రెబెక్కా ఇంటి దగ్గర ఆగాను. ఆమె తలుపు తీయగానే, "మీ పెట్టె ఎక్కడుంది?" అని అడిగాను.

"హాట్ వాటర్ కబర్డ్‌లో" అంది. "ఆంటీ తోడిచ్చినప్పుడు చెప్పారుగా అక్కా. పెరుగు తోడుకునే చోటే ఇదీ పెట్టండమ్మా, పద్దెనిమిది దాటాలంట, మా కోడలికి మంచి పేరు రావాలి, పైపులు శాంక్షనవ్వాలి అని. అందరం అట్లాగే పెట్టాం. ఆఫీసతను వస్తానని ఫోన్ చేస్తే మళ్లీ టీవీ పక్కన పెట్టా." నా మొహం చూసి ఆగిపోయింది. "తప్పా?"

 రెబెక్కా తెలివైనది, తనంతట తనే అర్థం చేసుకుంది. గుమ్మం పట్టుకుని నిలబడి, "అయితే ఇక రావా అక్కా పైపులు?" అంది. లోపల్నుంచి ఈతన్ దగ్గు వినిపిస్తోంది.

గురువారం గ్రేమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. రిపోర్టు వెనక్కి తీసుకుందాం, పదహారు ఇళ్లూ మళ్లీ కొలుద్దాం, తప్పు నాదేనని కౌన్సిల్‌కి రాస్తాను అన్నాను. ఆయన కేకలేస్తాడనుకున్నాను. కేకలేసినా బాగుండేది. సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపాడు. ఆ వీధుల్లో కరెంటు వాడకం, ముందురోజే వచ్చింది.

"చూడు. మీవాళ్లు అసలు కరెంటే వాడటం లేదు. వాళ్ల ఇళ్లు చల్లగానే ఉన్నాయి, నువ్వన్నది నిజమే. కానీ చల్లగా ఉన్నాయంటే వాళ్లు వేడి కొనుక్కోవడం లేదని అర్థం. కొనుక్కోలేనివాళ్ల వీధిలో పైపులెవరు వేస్తారు? వెచ్చగా ఉంటే అవసరం లేదంటారు. చల్లగా ఉంటే గిరాకీ లేదంటారు. ఏ సంఖ్య రాసినా మీటరుకి అంత అమ్ముడుపోదు" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "మీ అత్తగారి వల్ల పోలేదు సుభద్రా. అది మొదటినుంచీ లేదు" అన్నాడు.

నన్ను ఊరడించాలనే అన్నాడు పాపం. నాకు మాత్రం కాళ్లకింద ఆ కాస్త నేలా జారిపోయింది. తప్పు నాదే అయ్యుంటే దిద్దడానికి ఏదో ఒకటి ఉండేది. మా అత్తగారు వానలో ఇల్లిల్లూ తిరిగి చెడగొట్టింది కూడా ఏమీ లేదన్నమాట. ఆవిడ పగలంతా చలిలో కూర్చున్నది దేనికీ కాదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడకి కాస్త తెలివొచ్చింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. వార్డంతా వెచ్చగా ఉంది. చేతులు పట్టుకుంటే, ఈ దేశం వచ్చాక మొదటిసారి అవి గోరువెచ్చగా తగిలాయి.

"ఈ ఊళ్లో ఇంత వెచ్చటి చోటుందని చెప్పలేదేమే నాకు?" అన్నారు. నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గాక అడిగారు. "మంగళవారం నీ పరీక్షేమైంది? ఎవరూ చెప్పరేం?"

హర్ష కాఫీకి వెళ్లాడు. నేనొక్కదాన్నే ఉన్నాను.

"పాసయ్యానత్తయ్యా."

"మనవాళ్లవి ఎంతొచ్చాయి?"

"ఇరవై రెండు."

"పద్దెనిమిదికి ఇరవై రెండా!" ఆ కళ్లు చూడాల్సింది. అప్పుడే మందుల బండితో వచ్చిన నర్సుని చెయ్యి ఊపి పిలిచి, ఇంగ్లీషులో, "మై డాటరిన్‌లా. ఫస్ట్ క్లాస్" అన్నారు. నర్సు నన్ను చూసి కంగ్రాచులేషన్స్ అంది. థ్యాంక్యూ అన్నాను. ఏం చేయను?

"మరి పైపులెప్పుడేస్తారు?"

"వచ్చే చలికాలానికి."

"రెబెక్కా వాళ్లింటికి ముందు వేయించు. పసివాళ్లున్నారు" అని కళ్లు మూసుకున్నారు. ఆదివారం పొద్దున్న పోయారు.

హర్ష నన్ను ఒక్కసారే అడిగాడు. "ఇంట్లో హీటరుంది కదా, ఎందుకు వేసుకోలేదు అమ్మ?" నాకు తెలీదన్నాను. కార్లో నేనన్న ఆ ఒక్క ముక్కా, అలమరలో పెట్టె సంగతీ ఇంతవరకూ చెప్పలేదు. ఫ్రిజ్ మీది డాక్టరు చీటీ చాలా రోజులు అలాగే ఉంది. దానిముందు నిలబడి మంచినీళ్లు తాగేవాడు, నాతో మాట్లాడేవాడు కాదు. ఎండాకాలం వచ్చాక టౌరంగాలో పని చూసుకున్నాడు, అక్కడ చలి తక్కువని. నేను తర్వాత వస్తానన్నాను. నేనెప్పుడు వస్తానని తను అడగలేదు.

ఆ ఆగస్టు నెలాఖర్న పెట్టెలన్నీ వెనక్కి తేవాల్సి వచ్చింది. ఇళ్లన్నీ తిరిగి, మా ఇంటిది ఆఖర్న తీశాను. పక్కనే గిన్నెలో పెరుగు పులిసిపోయి పైకి నీళ్లు తేలింది. ఆ పెరుగులోంచి తోడు తీయడం ఎవరికీ గుర్తులేదు. పెట్టెని ఆఫీసుకి తీసుకెళ్లి కంప్యూటరుకి తగిలించాను.

ఇప్పుడు ఆ గీతని చదవడం నాకు వచ్చు. పనిరోజుల్లో సాయంత్రం ఐదింటికి సరిగ్గా కిందికి దిగుతుంది. మేం వచ్చేలోగా హీటరు వేసి, పెట్టె తీసి షెల్ఫ్ మీద పెట్టారు. పది దాటాక మళ్లీ పైకి ఎక్కుతుంది. మేం పడుకున్నాక లోపల దాచారు. ఒక్కరోజు కూడా పావుగంట అటూఇటూ కాలేదు, స్కూలు గంట కొట్టినట్టే. ఆగస్టు రెండో మంగళవారం నుంచి మాత్రం గీత కిందికి దిగలేదు. ఐదింటికి పెట్టె బయటికి తీసేవాళ్లు లేరు. ఇరవై నాలుగు దగ్గర తిన్నగా, చివరిదాకా అలాగే ఉంది. కాగితం మీద చూస్తే మా ఇల్లు అంత వెచ్చగా ఎప్పుడూ లేదు.